తవుడిచ్చి కొన్న బిడ్డ

నిరుడు మా కళాశాలలో డిగ్రీ విద్యార్థులకు ఒక పని చెప్పాను. ఎవరింటి పెద్దల పేర్లు వారు సేకరించి, ఆ పేర్లు ఎందుకు వచ్చాయో రాసుకురమ్మన్నాను. రాజమండ్రి చుట్టుపక్కల పల్లెలనుంచీ, కోనసీమ లంకలనుంచీ వచ్చి చదువుకునే పిల్లలు వాళ్ళు. వెంకన్నలూ, సత్తెమ్మలూ, సూరమ్మలూ చాలామంది వచ్చారు. ఒక కుర్రవాడు మాత్రం తన తాత పేరు చెప్పకుండా కూర్చున్నాడు. రెట్టించి అడిగితే, తల వంచుకుని "తవిటయ్యండి" అన్నాడు. తరగతి ఘొల్లుమన్నది.

నవ్వదగిన పేరు కాదది. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతూవుంటే, ఆ తరువాత పుట్టినవాణ్ణి చేటలో వేసి, పెంటమీద పొర్లించి, పొరుగింటి ఆమె చేతికిచ్చి, ఆమెకు చేరెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కోవడం మన ప్రాంతంలోనూ, ఉత్తరాంధ్రలోనూ వుండిన ఆచారం. పెంటమీద పొర్లిస్తే పెంటయ్య, ఎంగిలి విస్తరాకుతో ముడిపెడితే పుల్లయ్య, తవుడిచ్చి కొంటే తవిటయ్య, తవిటమ్మ. "వీడికి విలువలేదు, వీణ్ణి తీసుకుపోకు" అని చావును ఏమార్చడం దీని ఉద్దేశం. తవుడుకు వచ్చిన చెయ్యే ధనానికీ వస్తుందని సామెత. ధనానికి ఆ చివర వున్న అతి చవకైన వస్తువు తవుడు. అందుకే దాన్ని ఎంచుకున్నారు.

ఈ వ్యాసంలో నేను వాదించదలచినది ఇది. డెల్టాను గూర్చిన మన సాహిత్యాభిరుచి ఎంతో కాలంగా అన్నం తెల్లదనాన్ని సౌందర్యంగానూ, సౌభాగ్యంగానూ భావించింది. ఆ తెల్లదనంకోసం బియ్యంనుంచి ఏది తీసివేశారో, దానికీ పసివాళ్ళ చావుకూ ఏమి సంబంధం వున్నదో చూడలేదు. ఈ విషయంలో అభ్యుదయ సాహిత్యంకూడా పూర్తిగా నిర్దోషి కాదు. చదువురాని తల్లులు పెట్టిన పేరులో మాత్రం, వాళ్ళకు తెలియకుండానే, ఆ సంబంధం నమోదైవుంది.

మొదట అభిరుచి సంగతి చూద్దాం. శ్రీనాథుడు రాజమహేంద్రవరపు రెడ్డిరాజుల కొలువులో వెలిగిన కవి. కాశీఖండాన్ని వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు. అతని పేర ప్రచారంలోవున్న పల్నాటి చాటువులను మనం తరగతులలో హాస్యానికి ఉదాహరణలుగా చెబుతాము. వాటిలో జొన్నకూడు వెక్కిరింపుకు గురి అవుతుంది. సన్నబియ్యపు అన్నం దొరకని చోటు మనుషులుండదగిన చోటు కాదన్న ధ్వని వుంటుంది. అవి నిజంగా శ్రీనాథుడివేనా అన్న చర్చతో మనకిక్కడ పనిలేదు. ఎవరు చెప్పినా, శతాబ్దాలుగా వాటిని విని నవ్వినవారి అభిరుచి వాటిలో వుంది. అది మాగాణిమీద హక్కువున్న వర్గపు అభిరుచి. దంచేవారు వేరు, తినేవారు వేరు అయినచోటనే అన్నం మల్లెపూవులా వుండాలన్న కోరిక పుడుతుంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయిన తరువాత ఈ అభిరుచికి నీటివసతి కలిగింది. 1833 కరువులో జనం అలమటించిన నేల అన్నపూర్ణ అయింది. కాటన్ దొరకు మన రైతులు ఇప్పటికీ దండలు వేస్తారు. అందులో కృతజ్ఞత వుంది, దాన్ని నేను తక్కువ చేయను. కాని అన్నపూర్ణ అనే మాటను మన కవులూ, ఉపన్యాసకులూ ఎంతగా వాడారంటే, ఆమె ఒడిలోని బిడ్డ ఎలా వున్నాడని అడగడం అపచారమయింది.

ఆ బిడ్డ సంగతి చెప్పవలసివచ్చినవారు వైద్యులు. ఉత్తర సర్కారులలో బెరిబెరి వ్యాధిని గూర్చి మాల్కమ్‌సన్ అనే సైనిక వైద్యుడు 1835లోనే మద్రాసులో ఒక గ్రంథం ప్రకటించాడు. అప్పటికి ఆనకట్టా లేదు, ధాన్యపు మిల్లులూ లేవు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తప్పంతా యంత్రానిదేనని తేల్చడం సుళువు. తెల్లగా దంచిన పచ్చిబియ్యమే ముఖ్యాహారమైనచోట మిల్లు రాకముందుకూడా ఆ జబ్బు వుంది. మిల్లు వచ్చి ఆ తెల్లదనాన్ని చవకచేసింది, ఇంటింటికీ చేర్చింది. కూనూరులో మెకారిసన్, నారిస్‌లు బియ్యానికీ బెరిబెరికీ గల సంబంధాన్ని గూర్చి 1924లో ప్రకటించారు. అదే కూనూరు పరిశోధనాలయంనుంచి ఆక్రాయిడ్, కృష్ణన్‌లు 1941లో మద్రాసు రాష్ట్రపు బెరిబెరి ప్రాంతంలోని శిశుమరణాలను పరిశీలించి రాశారు. ఆ బెరిబెరి ప్రాంతమంటే మన కోస్తా జిల్లాలే. కూనూరులోని ఆ పోషకాహార పరిశోధనాలయమే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

జబ్బు మర్మం ఏమంటే, బియ్యపు గింజలో బి1 విటమిను ఎక్కువగా పైపొరలోనూ, మొలకలోనూ వుంటుంది. తెల్లగా ఆడిస్తే అది తవుడులోకి పోతుంది. మిగిలినది బియ్యం కడిగిన నీళ్ళలోకి పోతుంది. ఆ తరువాత మిగిలినది వార్చిన గంజిలోకి పోతుంది. ఈ మూడూ, అంటే తవుడూ, కడుగూ, గంజీ కలిసేచోటు మన ప్రతి పల్లెటింటిలోనూ వుండేది. అది కుడితితొట్టి. కంచంలో తెల్లని అన్నం, తొట్టిలో ప్రాణశక్తి. గేదె నిగనిగలాడేది. గంజి తాగిన కూలితల్లికి అందులో కొంత దక్కేది. వార్చి పారబోసే ఇంట్లో అదీ లేదు. ఉడకబెట్టి ఎండబెట్టి ఆడించిన ఉప్పుడుబియ్యంలో ఆ విటమిను గింజ లోపలికి ఇంకుతుంది, అందుకే అవి తినేచోట ఈ జబ్బు ఇంతగా ప్రబలలేదు. ఎంతో కాలంగా మన గోదావరి మిల్లులు ఉప్పుడుబియ్యం ఆడి కేరళకు పంపుతున్నాయి. మనం మాత్రం వాటిని అన్నంగా ఒప్పుకోలేదు.

తల్లి తిండిలో ఈ విటమిను లేకపోతే పాలలోనూ వుండదు. తల్లి చూడడానికి బాగానే వుండవచ్చు. బిడ్డకూడా బొద్దుగానే వుంటాడు. రెండు నెలలు దాటి అయిదు నెలలు నిండేలోపల హఠాత్తుగా ఆయాసం వస్తుంది, పాలు కుడవడు, ఒళ్ళు నీలంగా మారుతుంది. కొన్ని గంటలలో గుండె ఆగిపోతుంది. ఇంకొక రూపంలో గొంతు పోతుంది. బిడ్డ నోరు తెరిచి ఏడుస్తూనే వుంటాడు, మొహమంతా ఏడుపే, శబ్దం మాత్రం రాదు. వైద్యగ్రంథాలు దీన్ని ఈ జబ్బు లక్షణాలలో ఒకటిగా చెబుతాయి. చక్కగా వున్న బిడ్డ చూస్తూండగా పోతే, చూసినవారి కంటిమీద పడకుండా నింద ఎక్కడికి పోతుంది? దిష్టి అన్నారు, బాలగ్రహమన్నారు, పక్షిదోషమన్నారు. ఆ ఊహలను మూఢనమ్మకాలని కొట్టివేయడం తేలిక. కాని వేరే వివరణను ఆ తల్లి భాషలో, ఆమె గుమ్మందాకా తీసుకువెళ్ళినవారెవరు?

మందు ఎంత చేరువలో వున్నదో చూడండి. 1910లో మనీలాలో వెడర్ అనే వైద్యుడు తవుడు సారాన్ని రాబర్ట్ విలియమ్స్ అనే యువ రసాయనవేత్త చేతికిచ్చాడు. బెరిబెరితో చావుబతుకులలోవున్న ఒక పసిబిడ్డ నోట్లో విలియమ్స్ ఆ సారాన్ని చుక్కలుగా వేస్తే, బిడ్డ తేరుకున్నది. ఆ అనుభవం అతన్ని జీవితాంతం వెంటాడింది. 1936లో బి1 విటమినును కృత్రిమంగా తయారుచేసినది అతనే. అతను పుట్టినది 1886లో, మన నెల్లూరులో, అమెరికన్ బాప్టిస్టు మిషనరీల ఇంట. అంటే తెలుగునేలమీద పుట్టిన ఒకడు ఎక్కడో మనీలాలో ఒక బిడ్డకు తవుడిచ్చి ప్రాణం కొన్నాడు. తెలుగునేలమీదనే ఉన్న తల్లి, బిడ్డను బతికించుకోవడానికి పొరుగామెకు తవుడిచ్చి, ఆ తవుడు పొరుగామె గేదెకు పోతే, బిడ్డకు తవిటయ్య అనే పేరు మాత్రం మిగుల్చుకున్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇదంతా విని, దంపుడు బియ్యపు కాలమే స్వర్ణయుగమని కొందరు మిత్రులు తీర్మానిస్తారు. దంపిన చేతులు ఎవరివో వారు అడగరు. రోకటిపోటు పాటలను, సువ్విపాటలను మన జానపద పరిశోధకులు శ్రద్ధగా సేకరించారు. రాజమండ్రి ప్రాంతపు నేదునూరి గంగాధరం సంకలనాలూ, బిరుదురాజు రామరాజు 1958లో ప్రకటించిన జానపద గేయసాహిత్య పరిశోధనా లేకుంటే మన అజ్ఞానం ఇంకా దట్టంగా వుండేది. కాని మిల్లు వచ్చి పాట పోయిందని విచారించినవారు, పాటతోపాటు ఒక స్త్రీ నడుమునొప్పీ, ఒక కూలిస్త్రీ గింజల సంపాదనా రెండూ పోయాయని లెక్కించలేదు. తవుడు ఎటు పోయిందో అసలే చూడలేదు. మిల్లు స్త్రీని రోకటినుంచి విడిపించింది, అది అభ్యుదయమే. ఆ విడుదల ఫలితాన్ని ఆమె బిడ్డకు దక్కనివ్వని ఏర్పాటు మాత్రం మిల్లుది కాదు, సమాజానిది. పప్పూ, పాలూ, గుడ్డూ, కూరా కంచంలోవుంటే తెల్లన్నం ఎవరినీ చంపదు. అన్నం తప్ప మరేదీ కొనలేని ఇంట్లోనే తెల్లదనం విషమయింది.

స్త్రీల పాటల విషయం ఇంకొంచెం విడమరచాలి. కావ్యాలు దాచినదాన్ని ఈ పాటలు చెప్పాయి. ‘కౌసల్య వేవిళ్ళు’ వంటి పాటలలో రాముడు ఆకాశంనుంచి ఊడిపడడు, తల్లి కడుపులోనుంచే వస్తాడు. ఇది చిన్న సాహసం కాదు. కాని బిడ్డ పుట్టి ఉయ్యాలలోకి చేరగానే తల్లి శరీరం పాటలోనుంచి మాయమవుతుంది. జోలపాటలో బిడ్డ రాముడో, కృష్ణుడో అవుతాడు. తల్లి ఏమి తిన్నదన్న ప్రశ్న వుండదు. జోల వర్ణన కాదు, రక్షణ మంత్రం. బిడ్డ దేవుడని పదే పదే అనడం కూడా, వాడు తవుడంత విలువలేనివాడని అనడం వంటిదే. రెండూ ఒకే భయాన్ని రెండు వైపులనుంచి చెప్పే మాటలు. మన విమర్శకులు జోలలోని వాత్సల్యరసాన్ని వర్ణించి ఆగిపోయారు. దాని అడుగునవున్న భయాన్ని చదవలేదు.

ఆ భయం ఎంత దగ్గరిదో నాకు నా కాన్పుకు తెలిసింది. బాలింత పథ్యమని మా ఇంట్లో అన్నంలోకి వెల్లుల్లికారమూ, వేపుడూ తప్ప మరొకటి పెట్టలేదు. కూరగాయలు చలువన్నారు, పప్పు వాతమన్నారు. అంగన్‌వాడీనుంచి వచ్చిన గుడ్లు ఇంట్లోని మగవాళ్ళు తిన్నారు. ఎం.ఏ. చదివి, విద్యార్థులకు హేతువాదం బోధించే నేను పదకొండు రోజులు నోరెత్తలేదు. మా నాయనమ్మ నా మంచం పక్కన కూర్చుని, తాను ఏడుగురిని కన్నానని, నలుగురు దక్కారని చెప్పింది. "మూడోది బొద్దుగా వుండేదే. ఏడిచింది, ఏడిచింది, గొంతు రాలేదే తల్లీ" అన్నది. అది ఏ జబ్బో నేను ఇప్పుడు నిర్ణయించలేను. కాని ఆమె ఆ మాట అన్న మర్నాడు నేను గుడ్డు అడిగి తిన్నాను. పోయిన ముగ్గురి పేర్లూ ఆమెకు గుర్తున్నాయి. ఇంట్లో మరెవరికీ గుర్తులేవు. గేదె ఈనితే జున్ను ఇంటింటికీ పంచుకునే ఊళ్ళో, తల్లి ముర్రుపాలు మాత్రం మంచివి కావని పిండి పారబోసేవాళ్ళమని కూడా ఆమే చెప్పింది.

ఇక మన ఆత్మవిమర్శ. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిననాటినుంచి ఆకలి మన ప్రధాన వస్తువులలో ఒకటి. అంతకుముందే ఉన్నవ ‘మాలపల్లి’ (1922) కూలిజనం బతుకును నవలకెక్కించింది. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ 1950లో పుస్తకంగా వచ్చి ఒక తరాన్ని నిలబెట్టింది. అందులోని ‘శైశవగీతి’ పిల్లల ఉత్సాహాన్ని కొనియాడిన గొప్ప గీతం. ఈ సంపదను కాదనడానికి నేను పూనుకోలేదు. కాని మనం ఆకలిని ఎప్పుడూ ఒకే బొమ్మగా గీశాము. ఖాళీ కంచం, డొక్కలెగరేసిన కడుపు, చాచిన చెయ్యి. డెల్టాలో పసివాడు చనిపోయినది ఖాళీ కంచం ఎదుట కాదు, తల్లి కడుపునిండా అన్నం తిన్న ఇంట్లో. బొద్దుగావున్న బిడ్డలో ఆకలిని చూడడానికి మన శిల్పం సిద్ధంగా లేదు. నినాదానికి అందని ఆకలి అది. కరువును గూర్చి రాయడానికి కవికి గొంతు చాలు. సమృద్ధిలో దాగిన కరువును గూర్చి రాయడానికి శాస్త్రం చదవాలి, పురిటిగదిలోకి తొంగిచూడాలి. మన రచయితలలో ఎక్కువమంది పురుషులు కావడంచేత ఆ గది మనకు నిషిద్ధస్థలమయింది.

ఆ గదిలోనుంచి రాసినవారు లేకపోలేదు. విజయవాడలో వైద్యం చేస్తూ, కమ్యూనిస్టు ఉద్యమంలోనూ పనిచేసి, తరువాత 1957లో కాంగ్రెసు పక్షాన లోక్‌సభకు ఎన్నికైన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ (1906–1964) ‘ప్రసూతి–శిశుపోషణ’ అనే గ్రంథం రాశారు. తెలుగులో విజ్ఞానానికి పీఠం వేసిన కొమర్రాజు లక్ష్మణరావుగారి కుమార్తె ఆమె. ఆ గ్రంథం పేరే ఒక సిద్ధాంతం. జోలపాట విడదీసిన తల్లినీ బిడ్డనూ అది ఒక గీతతో కలిపింది. మన సాహిత్య చరిత్రలలో ఆ పుస్తకానికి చోటులేదు. అది "వైద్యం" కనుక సాహిత్యం కాదట. వాడుకభాషకోసం మనం ఎందుకు పోరాడాము? తల్లికి ప్రాణావసరమైన సంగతి తల్లికి అర్థమయ్యే మాటలో చెప్పడానికే అయితే, ఆ భాషా ఉద్యమపు ఫలాలలో అటువంటి పుస్తకాలు మొదటివరసలో వుండాలి.

భాషను గూర్చి ఇంకొక మాట. బాలారిష్టాలంటే జ్యోతిషంలో పసివాళ్ళ ప్రాణగండాలు. ఇవాళ పత్రిక తెరిస్తే ఎత్తిపోతల పథకానికి బాలారిష్టాలు, కొత్త పాఠశాల భవనానికి బాలారిష్టాలు. బిల్లు రాకపోవడం, గుత్తేదారు పారిపోవడం. బిడ్డల చావు పథకాల జాప్యానికి ఉపమానమయింది. అసలు బాలారిష్టాలకు మాత్రం మనకు మాట మిగలలేదు.

అవి తీరిపోయాయా? శిశువుల బెరిబెరి మన ప్రాంతంలో క్రమంగా కనుమరుగయింది, ఇది నిజంగా జరిగిన మేలు. కాని 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 1000 జననాలకు 30 మంది ఏడాది నిండకుండానే పోయారు. అయిదేళ్ళలోపు పిల్లలలో నూటికి 31 మంది వయసుకు తగిన ఎత్తు లేరు. ఆరు నెలలు నిండి అయిదేళ్ళలోపువున్న పిల్లలలో నూటికి 63 మందికి రక్తహీనత. 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి అదే. అన్నపూర్ణ ఒళ్ళో బిడ్డ ఇంకా పాలిపోయే వున్నాడు. దీనికి ప్రభుత్వం చూపిన మార్గం ఇనుమూ, ఫోలిక్ ఆమ్లమూ, బి12 చేర్చి బియ్యపుపిండితో చేసిన గింజలను నూటికి ఒక పాలు చొప్పున బియ్యంలో కలపడం. 2021లో ప్రకటించి, 2024 మార్చినాటికి ప్రభుత్వ పథకాల బియ్యమంతటికీ దీన్ని వర్తింపజేశారు. మొదట గింజనుంచి సారం తీసివేయడం, తరువాత వేరే గింజలో వేరే సారం తెచ్చి కలపడం. విటమినులను నేను ఎగతాళి చేయను, మనీలా బిడ్డ సాక్ష్యం వుంది. కాని పప్పూ, గుడ్డూ, ఆకుకూరా కొనగలిగే కూలిరేటు ప్రశ్న ఆ గింజలో ఎక్కడా లేదు. తల్లీబిడ్డల తిండిని గుమ్మందాకా తీసుకువెళ్ళే అంగన్‌వాడీ కార్యకర్తలు తమ వేతనంకోసం 2023 డిసెంబరునుంచి 42 రోజులు సమ్మె చేయవలసివచ్చింది. అదికూడా శిశుపోషణ చరిత్రలోని భాగమే.

పేదవాడు తెల్లన్నం కోరితే తప్పుపట్టే హక్కు మనకు లేదు. తరాలుగా నూకలూ గంజీ తాగినవారికి, 1983లో కిలో రెండు రూపాయలకు బియ్యం వచ్చినప్పుడు అది ఆహారమే కాదు, గౌరవంకూడా. 2025 ఉగాదినాడు తెలంగాణలో రేషనుమీద సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టినప్పుడూ అంతే. శ్రీనాథుడి విందు కూలివాడి కంచంలోకి వచ్చింది. సంతోషమే. విమర్శకుడి పని ఆ కంచాన్ని లాక్కోవడం కాదు, అందులో అన్నం పక్కన ఏమి లేదో చెప్పడం.

మళ్ళీ మా తరగతికి వస్తాను. నవ్వు ఆగిన తరువాత ఆ కుర్రవాణ్ణి, తాతకు ముందు ఎంతమంది పోయారని అడిగాను. తెలియదన్నాడు. ఇంటికిపోయి కనుక్కు రమ్మన్నాను. వారం తరువాత ఒక కాగితం తెచ్చి ఇచ్చాడు. దానిమీద నలుగురని రాసివుంది. పేర్లుపెట్టేదాకా బతికినవారు ఇద్దరే, ఆ రెండు పేర్లూ కింద వున్నాయి. పేరు చెప్పడానికి సిగ్గుపడిన కుర్రవాడు ఆ రోజు తరగతిలో లేచి, ఆ పేరు ఎలా వచ్చిందో తానే చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. మన పల్లెలలో ఇటువంటి పేర్లు ఇంకా వినిపిస్తున్నాయి. వాటిని చదవడం నేర్పకుండా మనం నేర్పే సాహిత్య విమర్శ, గంజి వార్చిన అన్నం వంటిదే.